సిమ్యులేషన్ ఆడించినా స్లిప్ టెస్టులో మార్కులు రాలేదు, ఎక్కడ తప్పింది?

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. పదో తరగతిలో 46 మంది పిల్లలు. మా బడికి టచ్ ప్యానెల్ వచ్చినప్పటి నుంచి క్విజ్ గేములు, సిమ్యులేషన్లు (తెర మీద నిజంలాగే చేసి చూసే ప్రయోగాలు) వాడుతున్నాను. విద్యుత్ పాఠానికి సర్క్యూట్లు కలిపే సిమ్యులేషన్ పెడితే పిల్లలు ఎగబడి ఆడారు, బెల్లు కొట్టినా వదల్లేదు. తీరా స్లిప్ టెస్టులో శ్రేణిలో కలిపిన రెండు బల్బుల్లో కరెంటు ఎలా ఉంటుందని అడిగితే సగానికి పైగా తప్పు రాశారు. ‘ఆటలాడిస్తూ కూర్చుంటే సిలబస్ ఎప్పుడవుతుందమ్మా’ అంటున్నారు హెచ్‌ఎం సారు. ఒకరిద్దరు తల్లిదండ్రులు కూడా అడిగారు. ఉన్నది ఒకటే ప్యానెల్. మధ్యలో కరెంటు పోతుంది, నెట్ సరిగ్గా రాదు. ఇవన్నీ మానేసి మామూలుగా పాఠం చెప్పుకోవడమే మంచిదా? మా లెక్కల మేడమ్, సోషల్ సారు కూడా మీరేం చెబుతారో చూద్దామంటున్నారు.
– ఒక టీచర్, ఉమ్మడి కరీంనగర్ జిల్లా

సమాధానం:

టీచర్ గారూ, మానేయకండి. మీరు ఎంచుకున్న సిమ్యులేషన్‌లో లోపం లేదు, మీ పిల్లల్లోనూ లేదు. ఆటకు ముందు జరగాల్సింది ఒకటి, ఆట తర్వాత జరగాల్సింది ఒకటి జరగలేదు, అంతే. ఆట ఆడుతున్నంతసేపూ పిల్లలు నేర్చుకుంటూనే ఉంటారని మనం అనుకుంటాం. నిజానికి ఆడేటప్పుడు వాళ్ల ధ్యాసంతా ఆట మీదే ఉంటుంది, ఉండాలి కూడా. పాఠం బుర్రకెక్కేది ముందు వేసుకున్న అంచనా తప్పినప్పుడు, అది ఎందుకు తప్పిందో పక్కవాడితో వాదించుకున్నప్పుడు, ఆ తర్వాత తన మాటల్లో రాసుకున్నప్పుడు.

ఆ రోజు మీ క్లాసులో ఏం జరిగి ఉంటుందో ఊహించగలను. సర్క్యూట్ సిమ్యులేషన్‌లో ఏ పిల్లవాడికైనా మొదట దొరికే సరదా, బ్యాటరీ రెండు కొనలనూ నేరుగా వైరుతో కలిపి మంటలు రప్పించడం. ఒకడు చేయగానే అందరూ చేస్తారు. తర్వాత బల్బులు వరసగా పెట్టుకుంటూ పోతారు, వోల్టేజీ పెంచుతారు, ఎవరి బల్బు ఎక్కువ వెలుగుతుందో చూసుకుంటారు. దాంట్లో తప్పేమీ లేదు. కొత్త వస్తువు చేతికొస్తే ఎవరైనా ముందు అదే చేస్తారు. మొదటి పది నిమిషాలు అలా వదిలేయాల్సిందే. కానీ ‘మొదటి బల్బు దాటాక కరెంటు తగ్గుతుందా?’ అనే ప్రశ్న ఆ పీరియడంతా వాళ్ల మనసులో పుట్టనేలేదు. ప్రశ్నే లేనప్పుడు జవాబు కళ్లెదుట కనబడినా పట్టదు.

పైగా ఈ విషయంలో పిల్లలు ఖాళీ బుర్రతో రారు. బల్బు కరెంటును కొంత తినేసి, మిగిలింది ముందుకు పంపుతుందని వాళ్లకు గట్టి నమ్మకం. పాఠం చెప్పకముందే ఉన్న నమ్మకం ఇది. చాలామందికి పాఠం చెప్పాక కూడా పోదు. సూత్రం అడిగితే V = IR అని తడుముకోకుండా చెప్పే పిల్లలు కూడా బొమ్మ ఇచ్చి అడిగితే పాత నమ్మకంతోనే రాస్తారు. మీ స్లిప్ టెస్టులో బయటపడింది అదే.

అందుకని ఈసారి అదే సిమ్యులేషన్‌ను మరోలా వాడి చూడండి. ప్యానెల్ మీద రెండు ఒకే రకం బల్బులు శ్రేణిలో కలిపి, స్విచ్ వేయకుండా ఉంచండి. కరెంటు కొలిచే అమ్మీటర్ ఒకటి మొదటి బల్బుకు ముందు, ఒకటి రెండు బల్బుల మధ్య, ఒకటి రెండో బల్బు తర్వాత. మూడింటిలో ఏది ఎక్కువ చూపిస్తుంది? ముందుదా, మధ్యదా, చివరిదా, మూడూ సమానమా? చేతులెత్తమంటే ఫస్ట్ ర్యాంకర్ ఎటు ఎత్తితే అందరూ అటే ఎత్తుతారు. అందుకని ప్రతి ఒక్కరూ జవాబు నోట్‌బుక్‌లో రాసి, ఛాతీకి ఆనించి వేళ్లు చూపించాలి. ఒకటో జవాబుకు ఒక వేలు, రెండో జవాబుకు రెండు వేళ్లు. పక్కవాడికి కనబడదు, మీకు కనబడుతుంది. ఏ జవాబుకు ఎంతమందో బోర్డు మీద రాయండి. ఏది సరైందో మాత్రం చెప్పకండి. మొహంలో కూడా తెలియనివ్వకండి, మన మొహం చదవడంలో పిల్లలు ఆరితేరినవాళ్లు.

తర్వాత వేరే జవాబు రాసినవాడిని వెతుక్కుని, రెండు నిమిషాలు ఒప్పించడానికి ప్రయత్నించమనండి. గోల అవుతుంది, కానివ్వండి. మళ్లీ వేళ్లు చూపించమనండి. అంకెలు మారతాయి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదటి నుంచి పెద్ద పెద్ద క్లాసుల్లో చేస్తున్న పద్ధతి ఇదే. ప్రశ్న వేయడం, ఓటు వేయించడం, పక్కవాడితో వాదించుకోనివ్వడం, మళ్లీ ఓటు వేయించడం. దీనికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. అప్పుడు స్విచ్ వేయండి. మూడు మీటర్లలోనూ ఒకే అంకె కనబడినప్పుడు క్లాసులో వచ్చే అరుపు, మంటలు చూసినప్పుడు వచ్చిన అరుపులాంటిది కాదు. అందులో సగం మంది ఓడిపోయినవాళ్లుంటారు. వాళ్లే అడుగుతారు, ‘మరి బల్బు ఏం తీసుకుంటోంది మేడమ్?’ అని. మీ పాఠం అక్కడ మొదలవుతుంది. కరెంటు తగ్గదు, మరి బల్బుకు అందుతున్నదేమిటి? పొటెన్షియల్ తేడా, శక్తి గురించి చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు.

అక్కడితో ఆపకుండా మూడో బల్బు చేర్చబోతూ మళ్లీ అంచనా అడగండి. మొదటి ప్రశ్నకు సరిగ్గా చెప్పినవాళ్లలో కూడా కొందరు ‘కొత్త బల్బు మాత్రమే డిమ్‌గా వెలుగుతుంది’ అంటారు. అంటే పాత నమ్మకం ఇంకా మూల ఎక్కడో దాక్కుని ఉందన్నమాట.

అదే పీరియడ్‌లో, కుదరకపోతే మర్నాడు, నిజం బల్బులు పెట్టండి. రెండు టార్చి బల్బులు, హోల్డర్లు, రెండు సెల్లులు, వైరు ముక్కలు చాలు. ఇక్కడ ఒక తమాషా ఉంది. ఒకే డబ్బాలోంచి తీసిన రెండు బల్బులు కూడా ఖచ్చితంగా ఒకేలా వెలగవు, ఒకటి కాస్త ఎక్కువగా వెలగవచ్చు. ‘చూశారా మేడమ్, మొదటిది ఎక్కువ తినేసింది’ అని ఎవడో ఒకడు లేచి నిలబడతాడు. కంగారుపడకండి. వాడినే పిలిచి రెండు బల్బుల చోట్లు మార్చమనండి. ఎక్కువ వెలిగిన బల్బు రెండో చోటికి వెళ్లినా ఎక్కువే వెలిగితే, తేడా బల్బులో ఉందా, అది ఉన్న చోటులో ఉందా? ఒక శాస్త్రవేత్త ఎలా ఆలోచిస్తాడో పిల్లవాడికి చేతితో చేయించి చూపించినట్టవుతుంది. సిమ్యులేషన్‌లో బల్బులన్నీ అచ్చుపోసినట్టు ఒకేలా ఉంటాయి కాబట్టి ఈ సందర్భం అక్కడ రాదు.

సిమ్యులేషన్ ఎందుకు, నేరుగా నిజం బల్బులతోనే చెప్పొచ్చు కదా అని మీ హెచ్‌ఎం సారు అడగవచ్చు. మంచి ప్రశ్నే. మీరు వాడింది బహుశా ‘ఫెట్’ సిమ్యులేషన్ అయి ఉంటుంది. 2001లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. ఆ యూనివర్సిటీలోనే ఒక ల్యాబ్ క్లాసులో కొందరికి నిజం బల్బులు, వైర్లు, మీటర్లు ఇచ్చి, మరికొందరికి సర్క్యూట్ సిమ్యులేషన్ ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2005లో అచ్చయ్యాయి. సిమ్యులేషన్‌తో చేసినవాళ్లు భావనల మీద అడిగిన ప్రశ్నలకు మెరుగ్గా రాశారు. అంతేకాదు, ఆ తర్వాత నిజం వస్తువులిచ్చి సర్క్యూట్ కట్టమన్నా వాళ్లే ముందున్నారు. వదులుగా ఉన్న వైరు, పాడైన హోల్డర్ లాంటి చికాకులు లేకపోవడం, కంటికి కనబడని ఎలక్ట్రాన్లు కదులుతూ కనబడటం వాళ్లకు కలిసొచ్చాయి. అయితే వాళ్లకు ఆట వదిలేసి ఊరుకోలేదు. ఫలానాది కట్టండి, ఏమవుతుందో చెప్పండి, ఎందుకో రాయండి అంటూ ల్యాబ్ పని ఇచ్చారు.

ఎలక్ట్రాన్లు కదులుతూ కనబడటం మేలే కానీ, దానితో ఒక చిక్కు కూడా ఉంది. తెర మీద అవి నీలం గోళీల్లా వైరు నిండా దొర్లుకుంటూ పోతాయి. పిల్లలు ఎలక్ట్రాన్ అంటే అంత లావుంటుందని, అంత వేగంగా పరుగెత్తుతుందని అనుకుంటారు. అడ్డుకోత ఒక చదరపు మిల్లీమీటరు ఉన్న రాగి తీగలో ఒక ఆంపియర్ కరెంటు పోతుంటే ఎలక్ట్రాన్ల డ్రిఫ్ట్ వేగం, అంటే అవి సగటున ముందుకు జరిగే వేగం, సెకనుకు 0.07 మిల్లీమీటర్లు మాత్రమే. అంటే మీటరు దూరం జరగడానికి నాలుగు గంటల దాకా పడుతుంది. ‘మరి స్విచ్ వేయగానే లైటెలా వెలుగుతుంది?’ అని వాళ్లచేతే అడిగించండి. అలాగే తెర మీది బ్యాటరీ ఎంతసేపు వాడినా అయిపోదు, అక్కడి మామూలు బల్బు వేడెక్కినా నిరోధం మారదు. అందుకే ప్రతి సిమ్యులేషన్ చివర ఒక ప్రశ్న తప్పకుండా ఉండాలంటాను: ‘ఇందులో నిజానికి భిన్నంగా ఉన్నదేది?’ అది వెతికి పట్టుకోవడం పిల్లలకు మహా ఇష్టం. పెద్దవాళ్లు చేసినదాంట్లో తప్పు పట్టే అవకాశం వాళ్లకు రోజూ రాదు కదా.

ఒకే ప్యానెల్, 46 మంది అన్నారు. ఈ ఇబ్బంది కొత్తది కాదు. 1971లో అమెరికాలోని మినియాపొలిస్‌లో డాన్ రావిచ్ అనే కుర్రాడు టీచర్ ట్రైనింగులో భాగంగా ఎనిమిదో తరగతికి చరిత్ర చెబుతూ, ఇద్దరు స్నేహితులతో కలిసి ‘ఆరెగాన్ ట్రయిల్’ అనే ఆట తయారుచేశాడు. పందొమ్మిదో శతాబ్దంలో బళ్లు కట్టుకుని పడమటికి వలస వెళ్లిన కుటుంబాల ప్రయాణం అది. తిండికెంత, మందుగుండుకెంత, బట్టలకెంత అని ముందే లెక్క చూసుకుని బయల్దేరాలి. ఆ క్లాసుకు దొరికింది తెర కూడా లేని ఒకే ఒక్క టెలిటైప్ యంత్రం. పిల్లలు పనులు వాళ్లకు వాళ్లే పంచేసుకున్నారు. టైపింగ్ వచ్చినవాడు యంత్రం ముందు, లెక్కలొచ్చినవాడు డబ్బు చూసుకోవడం, మరొకడు మ్యాపు పట్టుకోవడం. వేట దగ్గర ఒక పదం చకచకా టైపు చేయాలి కాబట్టి అక్కడ టైపిస్టే హీరో. యంత్రం ఒక్కటే కావడం వల్లే వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సి వచ్చింది.

మీరూ అలాగే చేయండి. ప్యానెల్ దగ్గర ఎప్పుడూ ఇద్దరే ఉండాలి, కానీ వాళ్లు సొంతంగా ఏమీ చేయకూడదు. క్లాసు చెప్పిందే చేయాలి. ఆరేడుగురి చొప్పున గుంపులు. ఒక గుంపు ‘ఇప్పుడు ఏం మార్చాలి’ చెబుతుంది, ఇంకొకటి ‘మారిస్తే ఏమవుతుంది’ చెబుతుంది, మరొకటి మీటర్ల రీడింగులు పట్టికలో రాస్తుంది. రెండు మూడు నిమిషాలకోసారి గుంపులు మారాలి. ప్యానెల్ దగ్గరికి ఎప్పుడూ ముందు బెంచీ మగపిల్లలే పరుగెత్తుకొస్తారు. ఆ వరస మీరే చూసుకోండి. పేర్ల చీటీలు డబ్బాలో వేసి తీస్తే ఎవరికీ మనసు నొచ్చుకోదు.

నెట్ గురించి దిగులక్కర్లేదు. ఫెట్ సిమ్యులేషన్లు ఉచితం, కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. ఇంటి దగ్గర డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకెళ్తే నెట్ లేకుండానే నడుస్తాయి. ముందురోజు సాయంత్రం మీ బడి ప్యానెల్ మీదే ఒకసారి తెరిచి చూసుకోండి, ఇంట్లో పనిచేసింది అక్కడ పనిచేయకపోవడం మామూలే. కరెంటు పోతే? అంచనా, వాదన, ఓటు అన్నీ కాగితం మీదే కదా నడుస్తున్నాయి. టెన్షన్ పడకుండా నిజం బల్బుల దగ్గరికి వెళ్లిపోవడమే.

ఇక మీ క్విజ్ గేముల సంగతి. ఇక్కడ నా అభిప్రాయం కాస్త కటువుగా ఉంటుంది. గడియారం టిక్‌టిక్‌మంటూ, పాయింట్లు, ర్యాంకులు పైకి కిందకి కదిలే క్విజ్, చదివింది గుర్తుందో లేదో చూసుకోవడానికి పనికొస్తుంది. కొత్త పాఠం నేర్పడానికి పనికిరాదు. వేగానికి పాయింట్లిస్తే ప్రశ్న త్వరగా చదవగలిగినవాడే గెలుస్తాడు. నిదానంగా చదివే పిల్ల, ఇంట్లో చదువు చెప్పేవాళ్లు లేని పిల్ల, మూడో ప్రశ్నకల్లా ‘నా వల్ల కాదు’ అని వెనక్కి వాలిపోతుంది. ప్రతిసారీ పై వరసలో అవే నాలుగైదు పేర్లుంటే, మిగతా నలభై మంది ఏం నేర్చుకుంటున్నట్టు? ఆడించాలనుకుంటే గడియారం తీసేయండి. గుంపుగా జవాబివ్వాలని పెట్టండి. జవాబుకు ఒక పాయింటు, కారణం చెప్పినందుకు రెండు పాయింట్లు. కారణం ఎవరు చెప్పాలో చీటీ తీసి మీరే తేల్చండి. అప్పుడు తెలిసినవాడు తెలియనివాడికి నేర్పకపోతే గుంపు గెలవదు.

వైకుంఠపాళి పటం గీసి, గడి గడికీ ఒక ప్రశ్న రాసి ఆడించడం కూడా చాలా బళ్లలో చూస్తుంటాను. టీచర్లు ఎంతో శ్రమపడి రంగులు వేసి చేస్తారు, ఆ శ్రమ చూస్తే ముచ్చటేస్తుంది. కానీ అందులో పైకెక్కించేదీ కిందికి దించేదీ పాచిక. బాగా తెలిసిన పిల్లవాడిని పాము మింగుతుంది, ఏమీ తెలియనివాడు నిచ్చెనెక్కి గెలుస్తాడు. ఆటకూ పాఠానికీ లంకె లేదు, ఒకే అట్ట మీద ఉన్నాయంతే. ఆటలో గెలవడానికి చేసే ఆలోచనా, పాఠం నేర్చుకోవడానికి చేసే ఆలోచనా ఒకటే అవ్వాలి. నేను ఏ ఆటనైనా చూసేది ముందు ఈ లెక్కనే.

మీ లెక్కల మేడమ్ కోసం అలాంటి ఆట ఒకటి చెబుతాను. అష్టాచెమ్మా. నాలుగు గవ్వలు వేస్తాం. ఒకటి వెల్లకిలా పడితే ఒకటి, రెండైతే రెండు, మూడైతే మూడు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. సంభావ్యత పాఠమంతా ఇందులో ఉంది. ముందు అంచనా: ఏది ఎక్కువసార్లు పడుతుంది? అన్నీ సమానమే అనేవాళ్లు చాలామంది ఉంటారు. గవ్వ వెల్లకిలా, బోర్లా పడటం నాణెం బొమ్మా బొరుసులా సమానమనుకుంటే, మొత్తం 16 రకాల్లో అష్టా 1, ఒకటి 4, రెండు 6, మూడు 4, చెమ్మా 1. ఇది కాగితం మీద తేల్చాక, గుంపుకు వందసార్లు వేయించి రాయించండి. అన్ని గుంపుల లెక్కలూ కలపండి. అంకెలు కాగితం మీది లెక్కతో సరిగ్గా కుదరవు, ఎందుకంటే గవ్వ నాణెంలా రెండువైపులా ఒకేలా ఉండదు. ‘అయితే మా గవ్వ వెల్లకిలా పడే సంభావ్యత ఎంత?’ అనే ప్రశ్న అక్కడ వస్తుంది. ప్రయోగంతో వచ్చే సంభావ్యతకూ, లెక్క వేసి చెప్పే సంభావ్యతకూ తేడా ఇంత తేటగా మరెక్కడా కనబడదు. గవ్వలు లేకపోతే సగానికి చీల్చిన చింతగింజలు వేసినా సరే. మా అమ్మమ్మ వాళ్లు వాటితోనే ఆడేవాళ్లు.

సోషల్ సారుకైతే మన నేల మీదే జరిగిన ఉదాహరణ ఉంది. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో భూగర్భ జలాల మీద ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అనే సంస్థ, పరిశోధకులు కలిసి రైతులతో ఒక ఆట ఆడించారు. తక్కువ నీళ్లు తాగే పంటా, ఎక్కువ నీళ్లు తాగే పంటా ఉంటాయి, ఎవరు ఏది వేయాలో వాళ్లే ఎంచుకోవాలి. నీళ్లు మాత్రం అందరివీ కలిపి ఒక్కటే. ఆట అయ్యాక ఊరివాళ్లందరినీ కూర్చోబెట్టి, ఆటలో ఏం జరిగిందో, తమ ఊళ్లో ఏం జరుగుతోందో మాట్లాడించారు.

దీన్ని క్లాసుకు సరిపోయేలా ఇలా మార్చుకోవచ్చు. ఐదుగురు పిల్లలు, మధ్యలో పళ్లెంలో 50 చింతగింజలు. అవి ఊరి కింద ఉన్న నీళ్లు. ప్రతి పంటకూ ఒక్కొక్కరూ రహస్యంగా చీటీ మీద వేరుశనగో వరో రాయాలి. వేరుశనగకు ఒక గింజ ఖర్చు, మూడు రూపాయల రాబడి. వరికి మూడు గింజలు ఖర్చు, ఐదు రూపాయల రాబడి. పంట కాగానే వాన కింద ఐదు గింజలు పళ్లెంలో వేయండి. పళ్లెం ఖాళీ అయితే బోర్లు ఎండినట్టే, ఆట ముగిసినట్టే. ఎన్ని పంటలు ఆడిస్తారో ముందు చెప్పకండి. అందరూ వేరుశనగే వేస్తే ఐదు పోయి ఐదు వస్తాయి, ఎన్నేళ్లైనా నడుస్తుంది. అందరూ వరే వేస్తే పంటకు పది గింజలు తరుగుతాయి, ఐదో పంటకు పళ్లెంలో పదే మిగులుతాయి, కావాల్సింది పదిహేను. మొదటిసారి మాట్లాడుకోనివ్వకుండా ఆడించండి. రెండోసారి మాట్లాడుకోనివ్వండి.

ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్నలకు కనీసం ఇరవై నిమిషాలు కేటాయించుకోమనండి, అసలు పని అక్కడే ఉంది. నీళ్లు అయిపోతున్నాయని నీకెప్పుడు తెలిసింది? తెలిశాక కూడా వరి ఎందుకు వేశావు? మొదట ఆపాల్సింది ఎవరు? ఎవరైనా మాట తప్పితే ఏం చేశారు? చివరగా, ఈ ఆట ఏం దాచింది? పళ్లెంలో గింజలు కనబడుతున్నాయి, నేల కింద నీళ్లు కనబడవు. ఇక్కడ అందరికీ సమానమే, ఊళ్లో ఒకరికి రెండెకరాలు, ఇంకొకరికి ఇరవై. ఒకరి బోరు లోతు మరొకరి బోరు లోతుకు మూడింతలు. ఈ మాటలన్నీ పిల్లలే చెబుతారు, వాళ్ల ఇళ్లలో జరుగుతున్నవే కాబట్టి. అప్పుడు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం గురించి చెబితే, బోరు వేయడానికి అనుమతి ఎందుకు తీసుకోవాలన్నది బట్టీ పట్టాల్సిన అవసరం ఉండదు.

మళ్లీ మీ సబ్జెక్టుకు వస్తాను. ప్రతి పాఠానికీ సిమ్యులేషన్ వెతకకండి. కంటికి కనబడనివి, చేతికి అందనివి, మరీ చిన్నవి, మరీ పెద్దవి, ప్రమాదమైనవి, వీటికి వాడండి. అణువులు, ఎలక్ట్రాన్లు, గ్రహాల కక్ష్యల్లాంటివి. ఆమ్లాలు క్షారాల పాఠానికి నిమ్మకాయ, సున్నపు నీళ్లు, పసుపు కాగితం, మందారపూల రసం ఉండగా తెర మీద రంగు మార్పు చూపించడం అన్యాయం. కుంభాకార కటకంతో కిటికీ బొమ్మను ఎదురు గోడ మీద తలకిందులుగా పడేలా చేయడం ప్రతి పిల్లా తన చేత్తో చేయాలి. ఆ తర్వాత కావాలంటే కిరణాలు ఎలా వంగుతున్నాయో తెర మీద చూపించండి.

సమీకరణాలు తుల్యం చేసే సిమ్యులేషన్ మాత్రం తప్పకుండా పెట్టండి. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరు ఏర్పడే సమీకరణమిస్తే, ఆక్సిజన్ లెక్క కుదరడం లేదని H₂O కింద ఒక 2 తగిలించి H₂O₂ చేసేసే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. ఆ సిమ్యులేషన్‌లో ముందుండే గుణకాన్ని మార్చగలరు తప్ప కింది చిన్న అంకెను ముట్టుకోలేరు. అయితే ఒక జాగ్రత్త. తెర అడ్డుకుంటోంది కాబట్టి వాళ్లు తప్పు చేయడం లేదు, కాగితం మీద అడ్డుకునేవాళ్లుండరు. అందుకని ‘ఈ చిన్న అంకెను మార్చనివ్వడం లేదెందుకు?’ అని అడిగి, రెండు అణువుల బొమ్మలూ గీయించి, ఒకటి మనం తాగే నీళ్లు, ఇంకొకటి దెబ్బ తగిలితే పుండు కడిగే మందు అని చెప్పండి. ఇంక మర్చిపోరు.

హెచ్‌ఎం సారుతో వాదనకు దిగకండి. ఆయన భయం సిలబస్ గురించి, అది నిజమైన భయమే. ఏ పాఠంలో పిల్లలు ఏటా మార్కులు పోగొట్టుకుంటున్నారో ఆ రెండు మూడు చోట్ల మాత్రమే ఆటలు పెడతానని చెప్పండి. ఒక్కోదానికి ఒకటి, మహా అయితే రెండు పీరియడ్లు. రెండు బల్బుల క్లాసుకు ఆయన్ని పిలిచి, వెనక బెంచీలో కూర్చోబెట్టి, ఆయన చేత కూడా అంచనా రాయించండి. పిల్లల నోట్‌బుక్కులు తీసుకెళ్లి చూపించండి. మొదటి అంచనా, మార్చుకున్న అంచనా, కారణం, తెర మీద నిజానికి భిన్నంగా ఉన్నదేమిటి, ఈ నాలుగూ ఒకే పేజీలో ఉండాలి. ఆ పేజీ ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) రికార్డుకు కూడా పనికొస్తుంది, మీకు వేరే పని పెరగదు. తల్లిదండ్రుల మీటింగు జరిగినప్పుడు రెండు బల్బుల ప్రశ్న పిల్లలచేతే వాళ్ల అమ్మానాన్నల్ని అడిగించండి. పిల్లవాడు వైర్లు పట్టుకుని విడమరచి చెబుతుంటే చూసిన తండ్రి, ఆడుకోవడానికా బడికి పంపింది అని ఇంకోసారి అడగడు.

చివరగా మీ స్లిప్ టెస్టు. ఇదంతా చేశాక ఒక వారం ఆగి మళ్లీ పెట్టండి. కానీ అదే బొమ్మ ఇవ్వకండి, జవాబు గుర్తుపెట్టుకుని రాసేస్తారు. ఒక బల్బు, దాని తర్వాత సమాంతరంగా రెండు బల్బులు ఉన్న సర్క్యూట్ ఇవ్వండి. మూడూ ఒకే రకం. ఏది ఎక్కువ వెలుగుతుంది, ఎందుకు? సగం మార్కులు కారణానికి పెట్టండి. జవాబు తప్పినా, కరెంటు ఎక్కడా తరగలేదని, చీలినచోట పంచుకుందని రాసిన పిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ఆ లెక్క నాకు రాసి పంపండి. దాన్ని బట్టి తర్వాతి పాఠానికి ఏం చేయాలో ఇద్దరం కలిసి చూద్దాం.